కట్టి ఉంచిన అచ్చు

నార్సింగి,
ఆదివారం, 2-3-1975.

లింగమూర్తి బావకు,

భూలక్ష్మి నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ మీ అమ్మా నాయనా, మీ అన్న, నేను, అచ్చులేసే మన ఛాపాఖానా అంతా క్షేమం. అక్కడ నువ్వూ నీ మద్రాసు మిషన్లూ చల్లగా ఉన్నారని తలుస్తాను. కాగితం ముక్కలు చూసి నవ్వకు. బజారులో కాగితం దొరకడమే గగనమైపోయింది కాబట్టి, కార్డులు కోయగా మిగిలిన అంచుల మీద రాస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, కోపగించుకోకు. ఇల్లంతా సందడిగా ఉండి కలం పట్టే తీరిక దొరకలేదు. ఆ ఉత్తరం ఇప్పుడు నా దగ్గర లేదు కానీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మామ దగ్గు ఎట్లుంది, అన్న చెయ్యి ఎట్లుంది, కొత్త టైపు వచ్చిందా, మన పెళ్ళి కార్డు ఫారం భద్రమేనా, నేర్చుకొమ్మన్న మాటలు నేర్చుకున్నావా అని అడిగావు. వాటన్నిటికంటే ముందు, "ఇన్నాళ్ళు నిన్ను ఆపాను. ఇక ఆపను. పెరంబూరులో గది తీసుకున్నాను. మంచి ముహూర్తం పెట్టించి కార్డులో ఖాళీ లైను నింపు. తేదీ తెలిసిన రోజే బండెక్కుతాను" అన్నావు. ఆ ముహూర్తం సంగతికి కూడా జవాబు ఉంది. ముందు చిన్న వాటిని ముగించనివ్వు.

మామ దగ్గు బాగానే ఉంది, మామే బాగా లేడు. సీసం దుమ్ము రొమ్ములో చేరిందనీ, పాలు తాగాలనీ దవాఖానలో చెప్పారు. ఆయన కల్లు తాగి, "ఇది గూడ తెల్లగనే ఉంది గద" అంటున్నాడు. బీడీ మానలేదు, తిట్టడం మానలేదు. అత్తకు మోకాళ్ళ నొప్పులు. గండిపేట వైపు నుంచి చలిగాలి వీచినప్పుడల్లా నీ పేరు తలచుకుని, మద్రాసులో చలి ఉండదు కదా అని తృప్తి పడుతుంది. కన్నతల్లి కదా, నీ గురించి తృప్తి పడడానికి ఆమెకు ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది.

ఇక నువ్వు నేర్పిన మాటలు. ఏడాదిన్నరగా ప్రతి ఉత్తరంలో కొన్ని రాస్తున్నావు. పేర్చి కట్టిన అచ్చును ఫర్మా అనొద్దు, ఫారం అనాలి. లైనుకూ లైనుకూ నడుమ పెట్టేదాన్ని సీసపు బద్ద అనొద్దు, లెడ్డు అనాలి. మాటకూ మాటకూ నడుమ ఖాళీ కోసం పెట్టే ముక్కను బోడిముక్క అనొద్దు, క్వాడు అనాలి. "రేపు ఇక్కడి వాళ్ళ ముందు నా తల దించకు" అని హెచ్చరిక. నేను రొట్టెలు కాలుస్తూ వల్లె వేశాను బావా. పిండి చేతులతో గోడ మీద రాసుకుని, అత్త చూసి తిడితే తుడిచేశాను. పేజీ అడుగున ఒంటరిగా మిగిలిపోయిన పేరా మొదటి లైనును ఇంగ్లీషు వాళ్ళు 'ఆర్ఫన్' అంటారనీ, అంటే తల్లీ తండ్రీ లేనిదనీ, అట్లాంటిది కనబడితే పేజీ అందం చెడుతుందనీ రాశావు. అది రాసేటప్పుడు నీకేమీ తట్టలేదా? ఐదేళ్ళ పిల్లగా మీ ఇంటికి చేరినదాన్ని నేను. చదువుతూ ఉంటే మీ అమ్మ, "ఏమైందే, మొహం అట్ల పెట్టినవ్" అని అడిగింది. ఏమీ లేదన్నాను.

ఇంకో రెండు మాటలు కూడా రాశావు. పని అయిపోయి, విడగొట్టి తిరిగి కేసు గళ్ళలో పోసెయ్యాల్సిన అచ్చు 'డెడ్ మ్యాటర్'. మళ్ళీ ఎప్పుడైనా వేసుకోవచ్చని దారం చుట్టి పక్కన పెట్టే అచ్చు 'స్టాండింగ్ మ్యాటర్'. మన పెళ్ళి కార్డు ఫారాన్నే ఉదాహరణగా చెప్పావు. ఈ మాట మాత్రం నాకు చాలా పనికొచ్చింది. నువ్వు నేర్పకపోయి ఉంటే నేను ఇవాళ ఈ ఉత్తరం ఇట్లా రాసేదాన్ని కాను.

మీ అన్న చెయ్యి సంగతి అడిగావు. మంచి పని చేశావు, అడగడానికి ఏడాది పట్టినా. నువ్వు ఉన్నంతకాలం కాలితో తొక్కే ట్రెడిల్ మిషను నీది, అక్షరాల గళ్ళున్న కేసు ఆయనది. అక్షరాలు ఏరి పేర్చడం తప్ప ఆయనకు మిషను పని అలవాటు లేదని నీకు తెలుసు, మామకూ తెలుసు. నువ్వు మద్రాసు మిషన్ల పని నేర్చుకుంటానని బండెక్కిన తరవాత మిషను ఆయన మీద పడింది. జాతర నోటీసులు పొద్దుటికల్లా కావాలని కోకాపేట వాళ్ళు వచ్చి కూర్చున్నారు. మామ వెనక నిలబడి, "తొక్కు, ఇంక జోరుగ తొక్కు, నీ తమ్ముడైతే ఈపాటికి బంద్ జేసి చాయ్ తాగుతుండె" అని అరుస్తున్నాడు. కాగితం వంకరగా పడింది. సర్దబోయాడు. మిషను నోరు మూసుకుంది. కుడి చేతికి ఇప్పుడు బొటనవేలూ చిటికెన వేలూ ఉన్నాయి. మధ్యవి లేవు. నెత్తురు పడిన నోటీసులను మామ లెక్కలోంచి తీసేసి, మిగతావి వాళ్ళకిచ్చి పంపాడు.

టెలిగ్రాం ఇస్తే, మిషను పరీక్ష ఉంది రాలేనన్నావు. వెనకాలే ఉత్తరం వచ్చింది. మామది ఉర్దూ చదువు, తెలుగు అక్షరం రాదు కాబట్టి ఇంటికొచ్చిన ప్రతి ఉత్తరం నేనే పైకి చదవాలి. "అన్న మొదటి నుంచీ మొద్దే. కాగితం పెట్టేటప్పుడు చూపు చేతి మీద ఉండాలని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు" అని రాశావు. మీ అన్న కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వింటుండగా చదివాను. నేను ఉత్తరాల్లో ఒక్క ముక్క కూడా వదలనని ఇంట్లో అందరికీ నమ్మకం. ఆ రోజు కూడా వదల్లేదు. ఆయన, "నిజమే రాసిండు" అన్నాడు.

అప్పటి నుంచీ ఆయన పని పై కుప్ప ముందు. కింద పడి కలగాపులగమైన అచ్చుల కుప్పను పై అంటామని నీకు చెప్పనక్కర్లేదు. గోనె పరిచి, ఆ కుప్ప ముందు కూర్చుని, ఎడమ చేత్తో ఒక్కొక్క అక్షరం తీసి, మొహం దగ్గర పెట్టుకుని చూసి, దాని గడిలో వేస్తాడు. ఏరడం అయిపోతే మామ ఊరుకోడు. ఒకసారి మంచి అచ్చులున్న డబ్బా తీసి, ఆయన చూస్తుండగానే ఆ గోనె మీద బోర్లించాడు. "కూసున్నోనికి పని ఉండాలె గద" అన్నాడు. నానక్‌రామ్‌గూడ నుంచి సంబంధం వాళ్ళొచ్చి, ఆ చెయ్యి చూసి, పోసిన చాయ్ తాగకుండా లేచిపోయారు. ఆ కథను మామ వచ్చిన గిరాకీకల్లా చెప్పి నవ్వించేవాడు. మీ అన్న కూడా నవ్వేవాడు. నాకు ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండేది.

ఇక ఫారం. నువ్వు పోయే ముందు వారం దాని మీదే కూర్చున్నావు. చుట్టూ పూల బార్డరు. నడుమ మన ఛాపాఖానాలో ఉన్న ఒకే ఒక్క పెద్ద టైపుతో నీ పేరూ, నా పేరూ. ముహూర్తం ఎప్పుడో తెలియదు కాబట్టి ఆ లైనులో క్వాడ్లు నింపి ఖాళీ ఉంచావు. దారం చుట్టి, కేసు కింది అరలోకి తోసి, "ఎవలన్న ముట్టుకుంటే చేతులు ఇరగ్గొడత" అన్నావు. నాకు ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గుగా ఉంది. రోజూ వంగి చూసేదాన్ని. అచ్చులో అక్షరాలు తిరగబడి ఉంటాయి కదా, అట్లా తిరగబడ్డ నీ పేరే నాకు ఎక్కువ అలవాటు.

పెద్ద టైపు మనకు ఉన్నదే పిడికెడు. అదంతా ఆ ఫారంలో ఇరుక్కుపోయింది. పెళ్ళిళ్ళ రోజుల్లో గోపన్‌పల్లి వాళ్ళు, కోకాపేట వాళ్ళు వచ్చి, పేర్లు లావుగా పడాలంటే పడవాయె. సన్న అక్షరాల కార్డు చేతిలో పెడితే, "ఇదేంది, రేషన్ నోటీసు లెక్కుంది" అని మొహం మీదే విసిరి పోయినవాళ్ళున్నారు. మామ రంకెలు వేసేవాడు. "వాడు రాడు, దీన్ని చేసుకోడు. ఇప్పు ఆ ఫర్మా!" అనేవాడు. నేను ఇప్పనివ్వలేదు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, దారం వదులైతే మళ్ళీ బిగించి, పిల్లల కోడి లాగా కాపలా కాశాను. ఒకసారి ఆయన అర ముందుకు వస్తే అడ్డం కూర్చున్నాను. అచ్చును సమంగా తట్టే చెక్క ఉంటుంది చూడు, దానితో వీపు మీద రెండు వేశాడు. నీకు రాయలేదు. ఆ చెక్కను ప్లేనరు అనాలని అప్పటికే నేర్పావు కాబట్టి, దాని గురించి నీకు కొత్తగా చెప్పేదేముందిలే అనుకున్నాను.

పుష్యమాసంలో సుబ్రహ్మణ్యం గారు వచ్చాడు. అదే, మీ మద్రాసు ఫౌండ్రీ నుంచి ఊరూరా తిరిగి టైపు అమ్మే మనిషి. కొత్త టైపు కోసం మామే రమ్మన్నాడు. మధ్యాహ్నం భోజనానికి కూర్చోబెట్టాం. ఆయన, మామ, మీ అన్న ఒక వరసలో. వడ్డించేది నేను. ఆయన నన్ను అంతకుముందు చూడలేదు.

"మీ చిన్నబ్బాయి బంగారమండీ పెంటయ్య గారూ. మా వాళ్ళందరికీ తలలో నాలుక" అన్నాడు.

"అది సరే సార్, పెండ్లికి ఎప్పుడొస్తడంట?" అని మామ అడిగాడు.

"అదే మేమూ అడిగామండీ! భలే మాటన్నాడు లెండి. 'ఆ పిల్లకేం తొందర? తల్లా, తండ్రా, అడిగే దిక్కెవరు? స్టాండింగ్ మ్యాటరండీ అది. దారం కట్టి అరలో పెట్టొచ్చాను. నాకు కావలసినప్పుడు కాస్త సిరా పూసుకుంటే సరిపోతుంది' అన్నాడు. మా కంపోజిటర్లు ఎవరు కనబడినా ఇదే మాటండీ. పడీ పడీ నవ్వుకున్నాం!"

మామకు ఆ మాట తెలియదు, అంటే ఏంటని అడిగాడు. సుబ్రహ్మణ్యం గారు పప్పు అంటిన చెయ్యి కేసు అర వైపు చాపి, కట్టి ఉంచిన ఫారాన్ని చూపిస్తూ, విడమరచి చెప్పాడు. నాకు ఎవరూ విడమరచనక్కర్లేదు. నేర్పింది నువ్వే కదా. మామ నవ్వాడు బావా. దగ్గు వచ్చేదాకా, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు చాటున ఏముందో నాకు కనబడలేదు. "ఇంకొంచెం పప్పు వెయ్యమ్మా" అని సుబ్రహ్మణ్యం గారు విస్తరి చూపించాడు. వేశాను.

మీ అన్న తల ఎత్తాడు. "సుబ్రమణ్యం సార్, జర ఆగున్రి. మీ ఇస్తట్ల పప్పేసినదే ఆ పిల్ల" అన్నాడు.

ఆయన చెయ్యి అన్నంలో అట్లాగే ఆగింది. "అయ్యయ్యో! నాకు తెలియదండీ. పనమ్మాయి అనుకున్నానండీ" అన్నాడు.

"తమాషాకన్న మాటకు ఏమైతది?" అని మామ మీ అన్న వైపు తిరిగాడు. "నువ్వు నోర్ముయ్యి. చెయ్యి పొయినంక నోరు లేస్తుంది నీకు. తిను."

మీ అన్న తినలేదు. ఎడమ చెయ్యి కడుక్కుని, పోయి గోనె ముందు కూర్చున్నాడు. సుబ్రహ్మణ్యం గారు మజ్జిగ దాకా ముగించి, టైపు కొలతలు రాసుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఎంగిలి విస్తర్లు నేనే ఎత్తాను. ఎత్తి, చేతులు కడుక్కుని, ఛాపాఖానాలోకి పోయి, అరలోంచి ఫారం బయటికి లాగి రాతిబల్ల మీద పెట్టాను.

"ఏం జేస్తున్నవ్ భూలక్ష్మీ?" అన్నాడు మీ అన్న.

"ఇప్పుతున్న."

"వద్దు. తమ్ముడు వచ్చినంక తిట్టు, కొట్టు, ఏమన్న జెయ్యి. అది మాత్రం ఇప్పకు."

"పెద్దబావా, నీకు పిల్లనెవరిస్తరు?"

ఆ చెయ్యి పంచె కిందికి పోయింది. "ఎవలియ్యరు" అన్నాడు.

"నేనొస్త. చేసుకుంటవా?"

ఆయన వేళ్ళ సందున పట్టుకున్న అచ్చు జారి గోనె మీద పడింది. దాన్ని వెతికి గడిలో వేశాడు. "నా మీద జాలా?" అని అడిగాడు.

"కాదు."

"వాని మీద కోపమా?"

"ఔ" అన్నాను. పెళ్ళి మాటలు అబద్ధంతో మొదలుపెట్టాలనిపించలేదు.

"కోపం తగ్గినంక నా మొహం ఎట్ల చూస్తవ్?"

"తగ్గదు."

మీ అన్న సంగతి నీకు తెలుసు. ఎదురుగా ఉన్న ముద్ద కూడా నాదేనా అని ఇంకొకరిని అడిగి తినే మనిషి. "తమ్మునికి రాయి" అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు రాయి. వాడు సరే అంటేనే. వాని నోటికాడిది గుంజుకుంటే నాకు సయించదు." రాస్తానన్నాను.

మామ బలవంతం పెట్టాడనీ, దిక్కులేని పిల్ల ఏం చేస్తుందనీ నువ్వు నీ మనసుకు సర్ది చెప్పుకుంటావేమో. ఎవరూ పెట్టలేదు. నేనే అడిగాను. మామ అయితే ఎగిరి గంతేశాడు. ఇంట్లో పిల్ల ఇంట్లోనే ఉంటుంది, పనికిరాడనుకున్న కొడుక్కి పెళ్ళవుతుంది, పెద్ద టైపు విడుదలవుతుంది. "చిన్నోనికేం ఫికర్? మద్రాసుల మస్తుమంది దొరుకుతరు" అన్నాడు. నువ్వు ముహూర్తం అడిగావు కదా. మాఘ శుద్ధ దశమి, శుక్రవారం. అయిపోయింది బావా. నాకూ మీ అన్నకూ పెళ్ళయిపోయింది.

కార్డు నేనే సరిచేశాను. నీ పేరు ఊడదీయడానికి పెద్దగా సేపు పట్టలేదు. లి, సున్నా, గ, మూ, రి, దాని కింద త ఒత్తు. సున్నా తప్ప మిగతావన్నీ ఏ గడిలోవి ఆ గడిలో వేశాను. ఆ సున్నాను ఎల్లేశం అనే పేరు చివర పెట్టుకున్నాను. ఆయన పేరు నీ పేరు కంటే పొట్టి కాబట్టి అటూ ఇటూ ఖాళీ మిగిలింది. క్వాడ్లు పెట్టి బిగించాను. తేదీ లైను నింపాను. ఆయన ట్రెడిల్ తొక్కాడు. ఆ మిషను ముందుకు రావడానికి ఇప్పటికీ ఆయనకు భయమే, అయినా తొక్కాడు. కాగితం నేను అందించాను. కార్డులు బాగా వచ్చాయి. నీ బార్డరు పొందిక చూసి ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. పెళ్ళి కాగానే ఫారం మొత్తం విడగొట్టేశాను. నీ పేరులోని గ కోకాపేట గంగమ్మ జాతర నోటీసులోకి పోయింది. తక్కినవి ఎక్కడెక్కడ పడ్డాయో నేను చూసుకోలేదు.

ఇక్కడితో ఆపేసి సంతకం పెడదామనుకున్నాను. మనసు ఒప్పుకోవడం లేదు. ఇంకా ఒక సంగతి ఉంది.

మీ అన్న రాయమన్న ఉత్తరం నీకు చేరలేదు. నేను రాయలేదు కాబట్టి చేరలేదు. రాశానని చెప్పాను. "తమ్ముడేమన్న రాసిండా?" అని ఆయన రోజూ అడిగేవాడు. రాలేదనే చెప్పాను, అది మాత్రం నిజం. జవాబు రానిదే పీటల మీద కూర్చోనని పట్టుబట్టాడు. కార్డులు పంచేశాం, పందిరి వేసేశాం, మామ బూతులు తిడుతున్నాడు, అయినా పెళ్ళి పొద్దుటి దాకా ఆయన పట్టు వదల్లేదు. నాకు పసుపు రాస్తున్నారు. పోస్టుమన్ వచ్చాడు. నీ ఉత్తరం.

అత్త పరిగెత్తుకొచ్చి నా చేతిలో పెట్టింది. పాడే ఆడవాళ్ళు ఆపేశారు. పసుపు వేళ్ళతోనే చింపాను. పెరంబూరు గది సంగతి, ఖాళీ లైను సంగతి పైన రాశాను కదా. దాని కింద నువ్వు రాసినవి ఇంతసేపూ నేను ఎత్తలేదు. "సుబ్రహ్మణ్యం గారు వచ్చి నన్ను నలుగురిలో చీవాట్లు పెట్టాడు. నా మాట నీ చెవిన పడిందట. నోటి దురుసుతో, నలుగురినీ నవ్వించాలని అన్నాను. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. నీ కాళ్ళు పట్టుకుంటాను, భూలక్ష్మీ. నీకు పొగ పడదు కదా అని కిరోసిన్ స్టవ్ కొన్నాను. రా" అని రాశావు.

సంతోషం కలగలేదంటే అబద్ధం. నా ప్రాణమంతా నీ మీదే పెట్టుకుని బతికినదాన్ని, ఆ ఒక్క 'రా' కోసం ఎన్ని దెబ్బలు తిన్నాను! పసుపు ఒంటితోనే లేచి, మెహదీపట్నం బస్సెక్కి, స్టేషనుకు పోదామనిపించింది. అంతలోనే పప్పు గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషి కళ్ళ ముందు కదిలింది. ఆమెను ఏం చెయ్యను? ఆమెను ఆ విస్తరి ముందే వదిలేసి నీ స్టవ్ దగ్గరికి ఎట్లా వస్తాను?

గడప అవతలి నుంచి మీ అన్న పిలిచాడు. "తమ్ముడేం రాసిండు? సదువు."

నీ ఉత్తరం రెండు చేతులతో పట్టుకుని, అందులో లేనిది పైకి చదివాను. "'అన్న సుఖమే నాకు కావాలె. అన్నకు చెయ్యి పోయిన్నాడు నేను రాలేదు, ఆ తప్పు నన్ను తింటున్నది. భూలక్ష్మిని అన్నకే చెయ్యండి. నాకు సెలవు దొరకదు, నా కోసం ఆగకండి. ఇద్దరూ సల్లగుండాలె.'" ఎక్కడా తడబడలేదు. నువ్వే రాసినట్టుగా చదివాను.

మీ అన్న ఆ మొండి చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వేళ్ళు తెగినప్పుడు కూడా అంత ఏడవలేదు. "చూసినవా నాయినా, నా తమ్ముడు బంగారం" అన్నాడు. ఆయన వచ్చి పీటల మీద కూర్చున్నాడు. నేను కాళ్ళకు పారాణి పెట్టించుకోవడానికి లోపలికి పోతూ, నీళ్ళు కాగే పొయ్యిలో నీ ఉత్తరం పడేశాను.

నేను అన్నీ చదివి వినిపించే మనిషినని నమ్మబట్టే కదా ఇది జరిగింది. నన్ను అడ్డం పెట్టుకుని నువ్వు నవ్వావు, నిన్ను అడ్డం పెట్టుకుని నేను పెళ్ళి చేసుకున్నాను. నాకు పశ్చాత్తాపం లేదు. ఉంటుందేమోనని ఈ పది రోజులూ ఎదురు చూశాను, రాలేదు. మీ అన్న మీద ప్రేమ కూడా ఇంకా రాలేదు. మంచి మనిషి, వస్తే వస్తుంది. అన్నం కలిపి పెడితే చిన్నపిల్లవాడి లాగా తల వంచుకుని తింటాడు.

ఆయన ఇప్పుడు మారిపోయాడు. మామ అరిస్తే మాట తిరగవేస్తున్నాడు. గోనె ఎత్తేసి, కేసు ముందు నిలబడి, ఎడమ చేత్తో కూర్పు మొదలుపెట్టాడు. వచ్చిన గిరాకీకి నీ త్యాగం కథ చెబుతున్నాడు. ఆ కథ చెప్పేటప్పుడు చెయ్యి దాచుకోడు. ఆయన బలమంతా ఇప్పుడు ఆ తమ్ముడే. ఆ తమ్ముణ్ణి పుట్టించింది నేను. నీ కంటే మంచివాడు, బావా.

నిజం తెలిసినది నీకూ నాకూ మాత్రమే. ఈ ముక్కలు పట్టుకొచ్చి ఆయన ముందు పరిస్తే నీ మాట నమ్ముతాడు, నా మీద చెయ్యెత్తడు, ఒక్క మాట అనడు. తువ్వాలు భుజాన వేసుకుని ఎటో పోతాడు, మళ్ళీ రాడు. అప్పుడు నేను మళ్ళీ దిక్కులేనిదాన్ని అవుతాను, నీకు ఆ మాత్రం తృప్తి దొరుకుతుంది. కాదంటే నోరు మూసుకుని, ఆయన అనుకుంటున్న ఆ తమ్ముడివే అయి బతకాలి. వచ్చినప్పుడల్లా కాళ్ళకు నీళ్ళందుకుని, ఆయన పొగుడుతుంటే తల వంచుకుని వినాలి. రెండూ కష్టమే, నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. లేకపోతే ఈ సంగతి నీకు తెలియకుండానే పోయేది.

ఉగాదికి నిన్ను తప్పకుండా రమ్మని రాయమన్నాడు మీ అన్న. మద్రాసులో మంచి పిల్ల దొరికితే ఆలస్యం చెయ్యవద్దనీ, నీ పెళ్ళి మా ఇద్దరి చేతుల మీదుగా జరగాలనీ ఆయన కోరిక. మామకూ అత్తకూ నీ దండాలు అందజేస్తాను. ఒళ్ళు జాగ్రత్త, వేళకు తిను.

చిరంజీవి లింగమూర్తికి నిండు నూరేళ్ళ ఆశీస్సులతో,

ఇట్లు,
నీ వదిన
భూలక్ష్మి